ఆవిడ్ని పిలవండి

రెండు క్యారియర్లు సర్దడం అయ్యేసరికి రుచిత గాజులకి పప్పు అంటుకుంది. కుళాయి కింద పెట్టి కడిగితే గలగలమన్నాయి. ఆ చప్పుడు ఎంత బాగుందంటే, కుళాయి కట్టేశాక కూడా చెయ్యి ఊరికే ఇంకోసారి ఊపి చూసుకుంది. ఫిబ్రవరిలో పెళ్ళయింది, ఇప్పుడు మే నెల. ఇంకా అన్నీ కొత్తగానే ఉన్నాయి. తన పేరు చెక్కించిన స్టీలు క్యారియరు, బండి మీద వెనక కూర్చుంటే తగిలే ప్రసాద్ షర్టు ఇస్త్రీ వాసన, ఇద్దరే ఉన్నప్పుడు అతన్ని పేరు పెట్టి పిలవడం, అత్తయ్య గదిలోకి రాగానే గబుక్కున 'మీరు'లోకి మారిపోవడం. చీకటితో లేచి ఇంటెడు పని చేసుకుని వెళ్ళడం కూడా ఆమెకి పని అనిపించలేదు. కొత్త కాపురం అనే అనిపించింది.

"రేపు ఆవకాయకి కాయలొస్తున్నాయి. ముక్కలు కొట్టించుకొస్తాను, తుడవడానికి మనిషి కావాలి. సెలవు పెట్టు" అంది అత్తయ్య సుబ్బరత్నం.

"రేపు కుదరదు అత్తయ్యా. అప్‌డేట్ల సీజను కదా, ఎవరికీ సెలవుల్లేవు."

"ఫోన్లు చేసుకోడానికి కూడా ఓ సీజనుంటుందిటే, రొయ్యల పట్టుబడికి ఉన్నట్టు!"

రుచిత పకపకా నవ్వింది. అత్తయ్య మాటలు తమాషాగా ఉంటాయి. సాయంత్రం వచ్చి తుడిచేస్తానని చెప్పి, చెప్పులేసుకుని, బండెక్కేసింది.

నిజంగానే అది సీజను. ఇంటర్ రిజల్ట్స్ వచ్చాక కౌన్సెలింగ్ మొదలయ్యేలోపు 'దిక్సూచి'లో ఉన్న ప్రతి వివరాన్నీ ఏటా కొత్తగా సరిచూడాలి. దిక్సూచి అంటే రుచిత ఆఫీసు పిల్లల కోసం నడిపే వెబ్‌సైటు. ఏ కాలేజీలో ఏ కోర్సుంది, ఫీజెంత, హాస్టలుందా, ఊరి నుంచి బస్సుందా అన్నీ అందులో దొరుకుతాయి. రుచితా, పక్క సీటు హెలెనూ కాలేజీలన్నిటికీ ఫోన్లు చేసి అడగాలి. పోయిన ఏడాది ఒక కాలేజీ లేడీస్ హాస్టల్ మూసేసిన సంగతి రుచితే కనిపెట్టి మార్చింది. అవనిగడ్డ నుంచి ఒక తండ్రి ఫోన్ చేసి, "పెట్టె సర్దుకుని వెళ్ళి రోడ్డు మీద పడేవాళ్ళం తల్లీ" అన్నాడు. ఆ మాటని ఆమె చాలా రోజులు చాక్లెట్ ముక్కలా బుగ్గన పెట్టుకుని తిరిగింది.

కాలేజీలు కాక, దిక్సూచిలో మనుషులు కూడా ఉన్నారు. ఈ చదువు చదివితే ఏమవుతాం అని అడిగే పిల్లలకి చూపించడానికి, నిజంగా ఆ పనిలో ఉన్నవాళ్ళ ఫొటో, నాలుగు మాటలు, కింద పేరు. కైకలూరు దగ్గర రొయ్యల చెరువుల ల్యాబ్ నడిపే రాజ్యలక్ష్మి ఉండేది. తెల్లకోటు, రబ్బరు బూట్లు, చేతిలో బురదనీళ్ళ సీసా, నోరంతా నవ్వు. ఆడపిల్లలు ఎక్కువగా తెరిచి చూసిన పేజీ అదే. ఏటా వీళ్ళకి కూడా ఫోన్ చేసి, ఇంకా అదే ఉద్యోగంలో ఉన్నారా అని అడిగి, ఉంటే ఉంచాలి, లేకపోతే తీసేయాలి. మొదటి ఏడాది మనుషులు చాలక మేనేజర్ సంజీవరావు ఆఫీసులో వాళ్ళ ఫొటోలే పెట్టించాడు. అలా రుచిత కూడా అందులో ఉంది, 'సమాచార సేకరణ' అనే ఉద్యోగం కింద, నీలం చుడీదార్లో.

ఆ రోజు మధ్యాహ్నం ఇద్దరూ టేబుల్ మీదే క్యారియర్లు విప్పుకున్నారు. హెలెన్ స్క్రీన్ చూసి కిసుక్కుమంది.

"ఇక్కడో కొత్త పెళ్ళికూతురు తగిలింది. మేడమ్ గారిని ఇంటర్వ్యూ చేయాలి. ఎవరి పేజీ వాళ్ళు సరిచూసుకోకూడదని సార్ రూలు కదా."

"చేసుకో, చేసుకో. భోజనం చేస్తున్నారు, తర్వాత చేయండి అంటాను."

హెలెన్ పేజీలో ఉన్న నంబరుకి కొట్టి, స్పీకర్లో పెట్టింది. పక్కనే ఉన్న రుచిత ఫోను మోగలేదు. అప్పుడు గుర్తొచ్చింది. పెళ్ళయిన వారానికి ప్రసాద్ కొత్త ఫోన్ కొనిచ్చాడు, కొత్త నంబరుతో. చివరి అంకెలు వాళ్ళ పెళ్ళి తేదీ. ఆ రోజు ఆమె సంతోషంతో మంచం మీద చిన్నపిల్లలా ఎగిరింది. "పాత సిమ్ నా ఫోన్లో రెండో స్లాట్లో వేసుకుంటాలే. ఓటీపీలు, పిచ్చి ఫోన్లు, లోన్ కావాలా అనేవాళ్ళు, అవన్నీ నేను చూసుకుంటా. నీకెందుకీ తలనొప్పి" అన్నాడు. ఎంత ప్రేమ అనుకుంది.

"అయ్యో, అది మా ఆయన దగ్గరుంది! మాట్లాడు, మాట్లాడు. నేనున్నానని చెప్పకు. నా గురించి ఏం చెప్తాడో చూద్దాం" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ముందుకి వంగింది.

"హలో, ఎవరండీ?" అన్నాడు ప్రసాద్. వెనకాల అతని షాపున్న ఆటోనగర్ చప్పుడు, ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నారు.

"నమస్తే అండీ, దిక్సూచి నుంచి. విద్యార్థుల కోసం రుచిత గారి వివరాలు పెట్టామండీ, ఏటా సరిచూస్తాం. ఆవిడింకా అదే ఉద్యోగంలో ఉన్నారాండీ?"

"ఏ కంపెనీ అన్నారు?"

"దిక్సూచి అండీ."

"ఎప్పుడూ వినలేదే. సరే, నేను వాళ్ళ హస్బెండ్‌నండీ. ఆవిడ మానేస్తుందిలెండి. జూన్ నుంచి మా షాపులోనే కూర్చుంటది. బిల్లులు రాసే కుర్రాడు మానేశాడు, బయటివాళ్ళని పెట్టుకోడం ఎందుకని. ఇదేదో పెళ్ళికి ముందు టైంపాస్‌కి చేసిందంతే. తీసేయండి."

హెలెన్ ముద్ద పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగిపోయింది. రుచిత కళ్ళు పెద్దవి చేసి, ఇంకా నవ్వుతూనే ఉంది. మొహానికి ఇంకా కబురు అందలేదు.

"ఆవిడతో ఒక్కసారి మాట్లాడొచ్చాండీ?"

"నేను చెప్తున్నాగా. నాకు చెప్తే ఆవిడకి చెప్పినట్టే."

"మానేస్తున్నట్టు ఆవిడకి తెలుసా అండీ?" అడిగింది హెలెన్.

ప్రసాద్ నవ్వాడు. పొద్దున బండి దిగేటప్పుడు ఆమె జడలో పువ్వు సర్ది నవ్విన నవ్వే, అచ్చంగా అదే. "నిదానంగా చెప్తాంలెండి. కొత్తగా పెళ్ళయింది, ఇప్పుడే చెప్తే అలుగుద్ది. మా అమ్మ చూసుకుంటానంది. ఉంటానండీ, కస్టమర్లున్నారు."

ఫోన్ ఆగిపోయింది. రుచిత తన క్యారియర్ మూత మీద చెక్కిన పేరు వంక చూసింది. మూత చేతిలోంచి జారి కింద పడింది. కోపం రాలేదు ఆమెకి, ఏడుపు కూడా రాలేదు. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే మెట్టు లేనప్పుడు ఒళ్ళు ఎలా జల్లుమంటుందో అలా అయింది. అతను తిట్టలేదు, కసురుకోలేదు, ఎంత మర్యాదగా మాట్లాడాడో. అంత మర్యాదగా తనని తీసేయమన్నాడు. తీసేయమన్నది దేన్నో కూడా అతనికి తెలీదు. సంబంధం మాట్లాడేటప్పుడు చెప్పింది, నిశ్చితార్థం తర్వాత ఫోన్లలో చెప్పింది, దిక్సూచి దిక్సూచి అని ఎన్నిసార్లు చెప్పి ఉంటుంది! అవనిగడ్డ తండ్రి మాట పెళ్ళయిన కొత్తలోనే చెప్పింది. అతను ఊఁ కొట్టాడు. ఆ ఊఁ విని మురిసిపోయింది.

"రుచితా, నేను తీసేయట్లేదు. కొన్ని నీళ్ళు తాగవే" అంది హెలెన్.

నీళ్ళు తాగుతుండగా గొంతులో అడ్డం పడింది ఆ మాట. నేను చెప్తున్నాగా. ఎక్కడో విన్నది. ఎక్కడో ఏమిటి, పోయిన వారం ఇదే కుర్చీలో తనే విన్నది. కైకలూరు నంబరుకి చేస్తే ఒక పెద్దాయన ఎత్తాడు. "మా కోడలండీ. ల్యాబూ గీబూ ఇప్పుడేం లేదు, ఇంటిపట్టునే ఉంటది. నేను చెప్తున్నాగా, తీసేయండి." అప్పుడు తను ఏమంది? "పెళ్ళయిందాండీ! మా తరఫున కంగ్రాట్స్ చెప్పండి!" అంది, హుషారుగా. తన పెళ్ళి సంతోషమంతా పొంగి ఆ పెద్దాయన చెవిలో కూడా పోసింది. ఫోన్ పెట్టేసి, 'నిర్ధారణ అయింది' అనే చోట నొక్కింది. రబ్బరు బూట్ల నవ్వు పోయింది. రాజ్యలక్ష్మి ఒక్కతే కాదు. ఇంకా కొందరున్నారు, మొగుడో, మరిదో, అత్తగారో ఫోనెత్తిన వాళ్ళు. ఒక్కరి విషయంలోనూ, మీరెవరండీ చెప్పడానికి అని తను అడగలేదు. మగవాళ్ళ పేజీలకి ఫోన్ చేసినప్పుడు కూడా భార్యలు ఎత్తారు. వాళ్ళేమన్నారో ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంది. ప్రతి భార్యా ఒకటే మాట అంది, ఉండండి, ఆయన్ని పిలుస్తాను. మా ఆయన మానేశాడు తీసేయండి అని ఒక్కతంటే ఒక్కతి కూడా అనలేదు.

సాయంత్రం బండి మీద ఇంటికి బయల్దేరారు. బెంజి సర్కిల్ దాటాక ప్రసాద్ బండి ఆపి మొక్కజొన్న పొత్తు కొనిచ్చాడు. రోజూ ఎగబడి తినేది. ఇవాళ చేతిలో అలాగే చల్లారిపోయింది. ఇంటికెళ్ళేసరికి అత్తయ్య హాల్లో పాత చీర పరిచి మామిడి ముక్కలు పోసి కూర్చుంది. కాయలు ఒక రోజు ముందే వచ్చేశాయట. రుచిత కాళ్ళు కడుక్కుని, గుడ్డ తీసుకుని, తుడవడం మొదలుపెట్టింది. నాలుగు ముక్కలు తుడిచి, తలెత్తకుండానే అంది.

"మధ్యాహ్నం ఫోన్లో నేను మానేస్తున్నానని చెప్పారట."

ప్రసాద్ సాక్సు విప్పుతూ ఆగాడు. "ఎవరు చెప్పారు నీకు?"

"నేనే విన్నాను. పక్కనే ఉన్నాను."

"అది మీ ఆఫీసా? దిక్సూచి అంటే మీదేనా?" అతని మొహంలో నిజమైన ఆశ్చర్యం. అబద్ధం చెప్పినా ఆమె ఇంత బెదిరిపోయేది కాదేమో. "అరె, నాకేం తెలుసు! ముందే చెప్పొచ్చుగా!"

సుబ్బరత్నం పకాలున నవ్వింది. "తెలిసిపోయిందిలే, మంచిదే. నేను చెప్పే పని తప్పింది. చూడమ్మాయ్, సొంత షాపు పెట్టుకుని ఊళ్ళోవాళ్ళ కాలేజీలకి ఫోన్లెందుకు? ఓనరువి అవుతావు. మధ్యాహ్నం ఇంటికొచ్చి వేడన్నం కూడా తినచ్చు."

"ఆ వేడన్నం ఎవరు వండుతారు అత్తయ్యా?"

సుబ్బరత్నం చేతిలో ముక్క ఆగింది. కోడలి నోట్లోంచి అలాంటి మాట వినడం అదే మొదలు.

"సర్‌ప్రైజ్‌గా చెబుదామనుకున్నా రుచీ. నీకోసమే కదా ఇదంతా" అన్నాడు ప్రసాద్. గొంతు తేనెలాగే ఉంది. ఆ తేనెలో ఇన్నాళ్ళు ఈగలా ఎంత హాయిగా మునిగి ఉందో తలుచుకుంటే ఆమె ఒళ్ళు గగుర్పొడిచింది.

గుడ్డ పక్కన పెట్టి లేచింది. కారం ఇంకా కలపలేదు గానీ వేళ్ళు మండుతున్నట్టే ఉన్నాయి. పైట కొంగుకి పెట్టుకున్న పిన్నీసు తీసింది.

"నా సిమ్ ఇచ్చెయ్, ప్రసాద్."

అత్తయ్య ఎదుట ఆమె అతన్ని పేరు పెట్టి పిలవడం కూడా అదే మొదలు. ఇల్లు ఏమీ కూలలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"ఏ సిమ్ము?"

"నా పాత నంబరు. నాకొచ్చే పిచ్చి ఫోన్లన్నీ నేనే చూసుకుంటాను."

అతను తల్లి వంక చూశాడు. తల్లి ముక్కల వంక చూసింది. చివరికి అతను జేబులోంచి ఫోన్ తీసి టీపాయ్ మీద పెట్టాడు, కాస్త విసురుగానే. రుచిత నేల మీద కూర్చుని, పిన్నీసు మొనతో ఆ చిన్న రంధ్రంలో పొడిచింది. ఒకసారి తప్పింది. రెండోసారికి సిమ్ములున్న బుల్లి పళ్ళెం బయటికొచ్చింది.

మర్నాడు పొద్దున్న ఆఫీసులో హెలెన్ మళ్ళీ అదే నంబరు కొట్టింది. ఈసారి రుచిత టేబుల్ మీద మోగింది. ఇద్దరి మధ్య మూరెడు దూరం. అయినా రుచిత ఫోను చెవికి ఆనించుకుని, లేచి నిలబడింది.

"రుచిత గారాండీ? మీరింకా అదే ఉద్యోగంలో ఉన్నారా?"

"ఉన్నానండీ" అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది, కొత్త గాజుల చప్పుడు కన్నా బాగుంది.

తర్వాత సంజీవరావు దగ్గరికి వెళ్ళి, ఇంట్లోవాళ్ళు తీసేయమన్న పేజీలన్నీ మళ్ళీ మొదటి నుంచి చేస్తానంది. "సీజన్లో ఈ డబుల్ పనేంటమ్మా?" అన్నాడాయన. "అప్పుడు నేను తప్పుగా చేశాను సార్" అంది, అంతే. సీటుకొచ్చి కైకలూరు నంబరు కొట్టింది. పెద్దాయనే ఎత్తాడు.

"మళ్ళీ మీరేనా? మా కోడలు మానేసిందని పోయిన వారం చెప్పాం కదండీ!"

"మీరు చెప్పారండీ. ఆవిడ చెప్పలేదు. ఆవిడ్ని పిలవండి."

అటువైపు గొణుగుడు. ఎక్కడో కుక్కర్ కూత వేసింది. ఎంతసేపటికీ పలుకు లేదు. పెట్టేశాడేమో అని రుచిత స్క్రీన్ వంక చూసింది, పెట్టేయలేదు. అప్పుడు దూరం నుంచి, విసుగ్గా, ఆ ముసలి గొంతు ఇంట్లోకి కేకేయడం వినిపించింది.

"అమ్మాయ్! ఫోను. నీకేనంట."