విప్పని కుట్టు

మేడ మీది గది అందకుండా పోయిన రోజున మాస్టర్ పదకొండో మెట్టు మీద కూర్చుండిపోయాడు.

మొత్తం పందొమ్మిది మెట్లు. ముప్పై ఎనిమిదేళ్ళుగా రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగిన మెట్లే. పైన గుడ్డ కత్తిరించే బల్ల, పెద్ద కత్తెర, రెండు కిటికీల వెలుగు. కింద కుట్టు మిషన్లు, ఇస్త్రీ బల్ల, వాటి వెనక వంటగది, పడకగది. పైన ఆయన కత్తిరిస్తే కింద ఆమె కుట్టేది. వీధిలో అందరికీ ఆయన మాస్టర్, ఆమె మాస్టర్‌గారి భార్య. ఆయన దగ్గర కోటు కుట్టించుకున్న వాళ్ళలో సగం మందికి ఆ కోటు కాజాలు ఆమె చేతివని తెలియదు. ఆమె చెప్పుకోనూ లేదు.

ఆ ఉదయం మిషన్ ఆపి దారం మారుస్తుంటే మెట్ల మీద అడుగుల చప్పుడు మధ్యలో ఆగిపోయింది. ఆమె బయటికి వచ్చి చూసింది. ఆయన మెడలో టేపుతో మెట్టు మీద కూర్చుని, పై మెట్టు అంచును వేలితో తడుముతున్నాడు.

"ఏం చేస్తున్నారక్కడ?"

"పెచ్చు ఊడింది. చూస్తున్నా."

పెచ్చు ఊడి పదేళ్ళయింది. ఆ మూడు మాటల మధ్య ఆయన రెండుసార్లు ఊపిరి అందుకోవలసి వచ్చింది.

ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉన్నారు. డాక్టర్ కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. గుండె ఆగిపోలేదు, అలసిపోయింది. పంపవలసినంత రక్తాన్ని పంపలేకపోతోంది. అందువల్ల నీరు ఊపిరితిత్తుల్లో, పొట్టలో, కాళ్ళల్లో నిలిచిపోతోంది. నయమవుతుందా అని ఆమె అడిగితే అవుననలేదు. మందులు మానకుండా, జాగ్రత్తగా ఉండి ఏళ్ళ తరబడి బతుకుతున్న వాళ్ళు ఉన్నారన్నాడు. ఆ 'ఉన్నారు' అన్న మాటను ఆమె గట్టిగా పట్టుకుంది.

గుండె జబ్బు వాళ్ళను చూసుకునే నర్సు ఒకామె ఉంది. చిన్న వయసు, పెద్ద గొంతు. మంచం పక్కన కూర్చుని వరసగా అడుగుతూ రాసుకుంది. ఎన్ని దిండ్లు వేసుకుంటే నిద్ర పడుతోంది? మూడు. సాయంత్రానికి పాదాలు ఉబ్బుతున్నాయా? కొంచెం. ఈ మధ్య పాంట్లు నడుం దగ్గర బిగుతయ్యాయా?

లేదన్నాడు మాస్టర్. అబద్ధమాడలేదు. కానీ ఆ మాట అన్నాక ఆయన భార్య వైపు చూశాడు. ఆమె అప్పటికే ఆయన వైపు చూస్తోంది.

ఏ ఇంట్లోనైనా పాంటు బిగుతైతే మనిషికి తెలుస్తుంది. దర్జీ ఇంట్లో తెలియలేదు. నాలుగు నెలల్లో మూడుసార్లు ఆయన పాంట్లు విప్పి గడప పక్కన పెట్టడం, ఆమె నడుం పట్టీ కుట్టు విప్పి, లోపల మడిచి ఉంచిన గుడ్డ కాస్త వదిలి మళ్ళీ కుట్టడం జరిగింది. ముప్పై నాలుగు ముప్పై అయిదైంది, ముప్పై ఆరైంది, ఆపైన ఇంకో అరంగుళం. ప్రతిసారీ పది నిమిషాల పని. రెండోసారి ఆమె నవ్వింది కూడా, నా వంటకు ఇన్నాళ్ళకు మీ ఒళ్ళు సాక్ష్యం చెబుతోందని. కాళ్ళు చిక్కి, పొట్ట పెరుగుతుంటే, కొలతలతోనే బతికిన ఇద్దరికీ అనుమానం రాలేదు. కొలత మారితే బట్ట మార్చడమే వాళ్ళకు తెలిసిన పని.

ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అని ఉంటే తేలికగా ఉండేది.

ఇంటికి పంపేటప్పుడు నర్సు ఒక అంకె చెప్పింది. డెబ్బై నాలుగు కిలోలతో వచ్చిన మనిషి నీరంతా దిగాక అరవై ఏడున్నర తూగాడు. అదే అసలు బరువు. రోజూ పొద్దున్నే, ఏమీ తినకముందు, తూకం చూసుకోవాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది తిండి కాదు, నీరు. వెంటనే ఫోన్ చెయ్యాలి. తాగేది రోజుకు లీటరున్నర. ఉప్పు మరిచిపోవాలి.

ఇంటికి రాగానే ఆమె కొలతల పుస్తకం తీసింది. ఊళ్ళో సగం మంది భుజాలు, ఛాతీలు, చేతుల పొడవులు అందులో ఉన్నాయి. మాస్టర్ పేజీ లేదు. ఇన్నేళ్ళలో ఆయన తనకంటూ కోటు కుట్టుకోలేదు. కొత్త పేజీ మీద ఆమె తారీఖు వేసి, బరువు రాసి, చీలమండ చుట్టూ టేపు పెట్టి అదీ రాసింది. ఆయన కాలు చాపి ఇచ్చాడు గాని ఆ పేజీ చూడలేదు. టేపు తీసి మేకుకు తగిలించాడు. అది మళ్ళీ ఆయన మెడ మీదికి రాలేదు.

నాలుగో రోజున ఆయన అక్కగారు దిగింది, రెండు సంచులతో, తన దిండుతో సహా. పదేళ్ళు పెద్దది. తమ్ముణ్ణి చంకన వేసుకుని తిప్పిన మనిషి, ఆ హక్కు ఇప్పటికీ వదులుకోలేదు. వచ్చిన పూటే వంటగది తన చేతిలోకి తీసుకుని, తమ్ముడికి సూపు కాచడం మొదలుపెట్టింది. మర్నాడు కొట్టు మూసెయ్యమంది. మూడోనాటికి మేడ మీది బల్లకు బేరం కూడా తెచ్చింది. పక్క వీధిలో కర్టెన్లు కుట్టే అతనికి అంత పెద్ద బల్ల కావాలట. గుండె అలసిన మనిషి నెత్తి మీద అంత బరువు ఎందుకని ఆవిడ వాదన. బల్ల ఉన్నంతకాలం వాడి మనసు మేడ మీదే ఉంటుంది, ఒళ్ళు కింద ఉంటుంది, రెంటికీ సుఖం లేదంది.

ఆ మాటలో కొంత నిజం ఉంది. పడుకున్నప్పుడు మాస్టర్ చూపు పైకప్పు మీదే ఉండేది. సరిగ్గా దాని పైనే బల్ల.

"అక్క చెప్పినట్టే కానీ," అన్నాడాయన గోడ వైపు తిరిగి.

ఆమెకు ఒళ్ళు మండింది. జబ్బు మీద కాదు, ఆ తిరగడం మీద. ముప్పై ఎనిమిదేళ్ళలో చెడిపోయిన గుడ్డ ఒక్కటి కూడా పారెయ్యని మనిషి తనను తాను పారేసుకుంటున్నాడు.

నర్సు ఇంటికి వచ్చి చూసి వెళ్ళేటప్పుడు, మాస్టర్ భార్య గుమ్మం దాకా వెళ్ళి అడిగింది, ఆయన పని చేసుకోవచ్చా అని.

"ఇది కూర్చోబెట్టి కాపలా కాసే జబ్బు కాదమ్మా. రోజూ నడవాలి. ఆయాసం రాకముందే ఆగాలి. కూర్చుని చేసే పనైతే చక్కగా చేసుకోవచ్చు."

"మేడ?"

"ఇప్పుడు కాదు. కాస్త నిలదొక్కుకున్నాక, నేను చూసి చెబుతా. ఒక్కొక్క మెట్టే."

ఈ సంగతి చెబితే వదినగారు పెదవి విరిచింది. ఆ పిల్ల నిన్నగాక మొన్న పుట్టింది, దానికి నా తమ్ముడి గురించి ఏం తెలుసు అంది.

కర్టెన్ల అతను మధ్యాహ్నం వస్తాడనగా, ఆ పొద్దున మాస్టర్ తూకం మీద నిలబడి అరవై ఎనిమిది అన్నాడు. ఆమె రాసుకుంది. కాసేపటికి పడకగదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, చేతిలో పాంటు పెట్టాడు.

"అరంగుళం వదులు చెయ్. అక్కకి చెప్పకు, కంగారుపడుతుంది."

అలవాటుకొద్దీ ఆమె దాన్ని లోపలి వైపుకు తిరగేసింది. కుట్టు విప్పే కొక్కెం చేతిలోకి వచ్చేసింది కూడా. నడుం పట్టీ దగ్గర పాత సూది రంధ్రాలు కనబడ్డాయి. ఒకదాని పక్కన ఒకటి, మూడు వరసలు. ఆసుపత్రి నుంచి వచ్చాక తనే మళ్ళీ ముప్పై నాలుగుకు బిగించిన పాంటు అది.

ఆమె కొక్కెం కింద పెట్టింది.

"విప్పను."

"పది నిమిషాల పని."

"తెలుసు. మూడుసార్లు చేశాను. మీరు మళ్ళీ తూకం ఎక్కండి, నా ముందు."

"ఇన్నేళ్ళలో నా మాట ఎప్పుడూ కాదనలేదు నువ్వు."

"అదే తప్పయింది. ఎక్కండి."

అరవై తొమ్మిది తొమ్మిది వందలు. ఆమె వంగి చీలమండ మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీశాక కూడా గుంట అలాగే ఉంది. ఆయన ఆ గుంట వైపు చూడలేదు.

"మళ్ళీ ఆ ఆసుపత్రి మంచం మీదికి వెళ్ళలేనే," అన్నాడు మెల్లగా. "అదే పోవడమైతే, ఇక్కడే పోతాను."

"ఎవరు పోనిస్తారు?" అందామె. గొంతు పెంచలేదు. "మీ గుండెకి ఓపిక లేదు సరే. నాకుంది. మీరు అబద్ధపు అంకె చెబితే నేనేం పట్టుకుని కొట్లాడను? నిజం చెప్పండి. మిగిలింది నేను చూసుకుంటా."

ఫోన్‌లో నర్సు తిట్టలేదు. ఊపిరి ఎలా ఉందో అడిగి, డాక్టర్‌తో మాట్లాడి, నీరు దించే మాత్ర మూడు రోజులు ఇంకొకటి ఎక్కువ వెయ్యమంది. పడుకుంటే ఆయాసం వచ్చినా, బరువు దిగకపోయినా ఇక ఫోన్ కాదు, మనిషినే తీసుకురమ్మంది. చివర్లో, ఏం తింటున్నారని అడిగింది. అంతవరకూ తలుపు దగ్గర చెవి పెట్టి వింటున్న వదినగారు వంటగదిలోకి తప్పుకోబోయింది.

"వదినా, సూపులో ఉప్పు వేశారా?"

"చిటికెడు. ఉప్పు లేకపోతే వాడి నోట్లోకి ముద్ద పోవడం లేదు. చూస్తూ ఊరుకోమంటావా?"

"రోజుకెన్ని గిన్నెలు?"

ఆవిడ చేతివేళ్ళ వైపు చూసుకుంది. "మూడు," అంది. అన్నాక మంచం మీదున్న తమ్ముడి పాదాల వైపు చూసి, ఉన్నచోటే కూలబడింది. ఏ మనిషి ముందూ తల వంచని ఆవిడ అంత చిన్నగా అయిపోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. గెలిచినట్టు అనిపించలేదు.

"నేను విప్పిన కుట్ల కన్నా మీ చిటికెడు ఉప్పు ఎక్కువేం కాదులెండి," అందామె. "ఇక ఇద్దరం మానేద్దాం."

కర్టెన్ల అతను చెప్పిన వేళకే వచ్చాడు. అతన్ని వద్దనే ధైర్యం, రమ్మనే మొహం ఎవరికీ లేక, తిన్నగా మేడ ఎక్కించారు. పావుగంట కొలిచి దిగివచ్చాడు. బల్ల బాగుంది గాని తలుపులోంచి రాదన్నాడు. రాదు మరి. అప్పట్లో వడ్రంగి దాన్ని ఆ గదిలోనే కూర్చుని చేశాడు. మధ్యకి రెండు ముక్కలుగా కోసి దించుకుంటానన్నాడతను.

మంచం మీంచి మాస్టర్ లేచి కూర్చున్నాడు. లేవడానికి ఒకసారి, కాళ్ళు కింద పెట్టడానికి ఒకసారి ఆగాడు. అందరూ ఆగారు.

"ఆ బల్ల ఇవ్వడం లేదయ్యా. దాని మీద పనుంది."

"ఏం పని మాస్టర్?"

"నాకో కోటు కుట్టుకోవాలి."

అక్కగారు నోరు తెరిచింది. "ఈ ఒంటికి కోటా?"

"ఈ ఒంటికే అక్కా. వేరే ఒళ్ళు ఎక్కడ తెమ్మంటావు?"

కర్టెన్ల అతను నవ్వకుండా ఉండలేకపోయాడు. కోటు అయ్యాక కబురు చెయ్యమని వెళ్ళిపోయాడు. ఆమె నవ్వలేదు. మేకు మీది టేపు తీసి ఆయన మెడలో వేసింది.

నాలుగో పొద్దుకు బరువు అరవై ఏడు ఆరు వందలకు దిగింది. ఆ అంకె ఆమె స్వయంగా చూసి రాసింది. ఆ రోజే ఆయన కొత్త పాంటుకు గుడ్డ తియ్యమన్నాడు. ఇస్త్రీ బల్ల మీద పరిచి, పక్కన కుర్చీలో కూర్చుని చెబుతుంటే ఆమె సుద్దతో గీసింది. లోపల మడవడానికి అలవాటుగా అంగుళం గుడ్డ వదలబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. మనుషులు మారతారు, లోపల గుడ్డ వదలాలి అని ముప్పై ఎనిమిదేళ్ళు అందరికీ చెప్పిన మనిషి.

"వదలకు. ముప్పై నాలుగంటే ముప్పై నాలుగే. కుట్టుకెంత కావాలో అంతే."

"రేపు బిగుతైతే వదులు చెయ్యడానికి ఏమీ ఉండదు."

"ఉండకూడదనే. బిగుతైతే ఫోన్ చేస్తావు. విప్పవు."

ఆ పాంటు ఇప్పుడు రోజూ తొడుక్కుంటాడు. తూకం అబద్ధం చెప్పినా గుండీ చెప్పదని ఆయన ధీమా. రెండుసార్లు పట్టలేదు, రెండుసార్లూ ఆమె ఫోన్ తీసింది. ఒకసారి మాత్ర మార్చారు. రెండోసారి ఆసుపత్రిలో మూడు రాత్రులు ఉంచారు. ఆయన తిట్టుకుంటూ వెళ్ళి, తిట్టుకుంటూ వచ్చాడు. కొన్ని రోజులు కుర్చీలోంచి లేచే ఓపిక ఉండదు. ఆ రోజుల్లో గుండీలు కుడతాడు. ఆమె వంటగదిలో నిలబడి ఆయన దగ్గును వింటుంది, పొడి దగ్గా, నీటి దగ్గా అని. అంత చిన్న తేడాను పట్టుకుని బతకడం ఆమె నేర్చుకుంది. వదినగారు వెళ్ళలేదు. నీళ్ళ సీసా మీద గీతలు గీసి, గుక్క గుక్కకూ కాపలా కాస్తోంది. ఆసుపత్రి నర్సే నయమని మాస్టర్ గొణుగుతాడు. వాడికి నోరు లేచిందంటే ఒళ్ళు బాగున్నట్టే అంటుందావిడ.

రెండు నెలలకు నర్సు సరేనంది. మెట్ల మధ్య మలుపులో కుర్చీ వేశారు. మాస్టర్ చేతిలో సుద్దముక్కతో ఎక్కుతాడు. ఆయాసం వస్తుందనిపించిన మెట్టు మీద గీత గీసి దిగిపోతాడు. ఒక్కోవారం గీత పైకి జరుగుతుంది. ఆసుపత్రిలో మూడు రాత్రులు ఉండి వచ్చిన వారం అయిదు మెట్లు కిందికి జరిగింది. పాత గీతను చెరపనివ్వలేదు, అక్కడిదాకా ఎక్కింది నిజమేగా అన్నాడు. ఆమె ఎప్పుడూ ఆయనకన్నా ఒక మెట్టు కింద ఉంటుంది, చెయ్యి వెయ్యకుండా.

పైన బల్ల మీద కోటు గుడ్డ పరచి ఉంది. ముదురు బూడిద రంగు. ఆమే తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, ముడత లేకుండా పరిచింది. గీత మాత్రం ఆయన చేత్తోనే, ఆ బల్ల మీదే పడాలి.

నిన్న పద్నాలుగో మెట్టు మీద గీత గీశాడు. ఇంకా అయిదు మెట్లు ఉన్నాయి. గుడ్డ మీద సుద్ద పడలేదు.