తగిలితే అవుటే

మా డ్రిల్లు మాస్టారు మంచివాడని స్కూలంతా అంటుంది. ఆ మంచితనం నా నెత్తి మీద పడేదాకా నేనూ అలాగే అనేదాన్ని.

వచ్చిన కొత్తలోనే ఆయన నా చెవి పక్కన విజిల్ ఊదాడు. నాది సెరిబ్రల్ పాల్సీ. పుట్టేటప్పుడు మెదడుకు దెబ్బ తగిలింది. అది పంపే కబురు కండరాలకు తిన్నగా చేరదు, కాళ్ళు బిగుసుకుపోతాయి. ఉన్నట్టుండి పెద్ద చప్పుడైతే ఒళ్ళంతా ఉలిక్కిపడుతుంది, ఆపుకోవడం నా వల్ల కాదు. వాకర్‌తో సహా సిమెంటు నేల మీద పడ్డాను. మోచేయి దోక్కుపోయింది. ఆయన విజిల్ ఊదడం మాత్రం మానలేదు, నన్ను ఆడించడం మానేశాడు.

"నువ్వు ఆటలో అరటిపండువమ్మా. హాయిగా లోపల నిలబడు. బంతి తగిలినా అవుట్ కాదు" అన్నాడు.

అరటిపండట! అది బుడిబుడి అడుగుల చంటిపిల్లలు ఏడవకుండా పెట్టే పేరు. నాకు పదమూడేళ్ళు.

ఆ వారం మా జట్టు గీత లోపల ఉంది, అవతలి జట్టు చుట్టూ నిలబడి బంతితో కొడుతోంది. మావాళ్ళంతా ఒక్కొక్కరే అవుటై బయటికి వెళ్ళిపోయారు. నేను మిగిలాను. బంతి నా వీపుకు తగిలింది, భుజానికి తగిలింది, తొడకు తగిలింది. తగిలినప్పుడల్లా మాస్టారు "లెక్క లేదు, లెక్క లేదు" అన్నాడు. గంట కొట్టేసరికి నేను మిగిలున్నాను కాబట్టి మా జట్టు గెలిచిందట. అందరి చేతా చప్పట్లు కొట్టించి, "చూశారా, పట్టుదలంటే ఇదీ!" అన్నాడు. నేను చూపించిన పట్టుదలల్లా దిష్టిబొమ్మలా నిలబడడమే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇంటికెళ్ళి చెబితే అమ్మ కుట్టుమిషను ఆపకుండానే, "పోనీలేవే, మంచి మనసుతోనే కదా చేశాడు" అంది.

"ఆ మంచి మనసు మీదే నా కోపం!" అని తలుపు ధడాలున వేశాను. ఆ చప్పుడుకు నేనే ఉలిక్కిపడ్డాను. దాంతో కోపం రెండింతలైంది.

మర్నాడు నీళ్ళ కుళాయి దగ్గర నిచ్చెన కనిపించింది. అవతలి జట్టు నాయకురాలు, పొడుగు చూసి అందరం అలాగే పిలుస్తాం. నన్ను చూడగానే మొహానికి నవ్వు పులుముకుంది.

"నిన్న ఓడిపోయావు కదా, కోపం రాలేదా?" అన్నాను.

"ఛ, నీ మీద కోపమేంటే, పాపం."

"నిజం చెప్పు."

అది అటూ ఇటూ చూసింది. "వచ్చింది! ఒళ్ళు మండిపోయింది! అన్నిసార్లు కొట్టాను, ఒక్కటీ లెక్క లేదంటే ఎలాగే? శుద్ధ తొండి ఆట!"

ఇన్నేళ్ళలో ఈ స్కూల్లో నా గురించి ఎవరైనా అన్న మంచిమాట అదొక్కటే. నిచ్చెనను వెంటబెట్టుకుని మాస్టారి గదికి వెళ్ళాను.

నా మాట నెమ్మది. నాలుక కూడా కండరమే కదా. "సార్, నాకు విజిల్..." అనగానే, "కావాలా తల్లీ? తీసుకో, నువ్వే ఊదు" అన్నాడు. "కాదు సార్, ఆటలో నేను..." అంటే, "అలసిపోతున్నావా? కూర్చో, చూస్తూ ఉందువుగాని" అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

నిచ్చెన ఉండబట్టలేకపోయింది. "సార్, దాన్ని చెప్పనివ్వండి. మధ్యలో మీరు అందుకుంటుంటే ఇంకా ఆలస్యమవుతోంది."

ఈసారి నేను తీరిగ్గా చెప్పాను. విజిల్ బదులు అందరికీ కనబడేలా రుమాలు ఊపాలి. ఆటకు ముందు నా కాళ్ళు సాగదీసుకోవడానికి కాస్త ఎక్కువ సమయం ఇవ్వాలి. బంతిలో కొంచెం గాలి తీయాలి, మెత్తగా ఉంటే నాకు పట్టు దొరుకుతుంది. మా జట్టు విసిరే వంతు వస్తే నేను స్టూలు మీద కూర్చుని విసురుతాను. లోపల ఉన్నప్పుడు వాకర్‌కు తగిలితే అవుట్ కాదు. "నాకు తగిలితే అవుటే" అన్నాను.

"దెబ్బ తగిలితే ఎలా తల్లీ?"

"మిగతావాళ్ళకి తగిలితే ఏం చేస్తున్నారు సార్?"

ఆయన జేబులోంచి రుమాలు తీసి చూసుకున్నాడు. అది మురిగ్గా ఉంది. "రేపు ఉతికింది తెస్తాను" అన్నాడు.

మర్నాడు రుమాలు ఊగింది. నేను వాకర్‌ను అడ్డం తిప్పి మొదటి బంతి ఆపాను. రెండోదీ ఆపాను. మూడోది నిచ్చెన నేలబారుగా, కసిగా విసిరింది.

"అవుట్!" అని గెంతింది.

"వాకర్‌కి తగిలింది!" అని అరిచాను.

"మోకాలికి తగిలింది! చప్పుడు నాకిక్కడికి వినపడింది! తొండి! తొండిమొహం!"

నిజానికి మోకాలికే తగిలింది. అయినా నేను ఒప్పుకోలేదు. నా గొంతు పూడుకుపోయేదాకా, చేతులు వంకర్లు పోయేదాకా పోట్లాడాను. అదీ ఒక్క మెట్టు దిగలేదు, నా మీదికి వేలు చూపిస్తూ అరుస్తూనే ఉంది. మాస్టారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "అవుట్. బయటికి నడు" అన్నాడు.

తల్లీ అనలేదు.

గీత దాటడానికి నాకు చాలాసేపు పట్టింది. కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరూ ఓదార్చడానికి రాలేదు, నేను దాటగానే మళ్ళీ ఆటలో పడిపోయారు.

"రేపు నీ పని చెప్తా ఉండు!" అని గీత అవతలినుంచి అరిచాను.

"చెప్దువుగానిలే, పోవే!" అంది నిచ్చెన, నా వంక చూడనైనా చూడకుండా.