ఏడుకొండలు గారికి రాని హెచ్చరిక

చిక్కడపల్లిలో ఆ అపార్ట్‌మెంటు మొత్తానికి ఒకే రోజు ఒకే హెచ్చరిక వచ్చింది. ప్రభుత్వ నిఘావాళ్లు మీ ఫోన్లో దొంగ సాఫ్ట్‌వేర్ పెట్టి ఉండవచ్చు, జాగ్రత్త అని ఫోను కంపెనీ పంపింది. వాచ్‌మన్ ఆశన్నకూ వచ్చింది. ఏడుకొండలు గారికి మాత్రం రాలేదు.

ఎంత అవమానం చెప్పండి! రిటైరైన నాటి నుంచీ వచ్చిన ప్రతి ప్రభుత్వాన్నీ పత్రికలకు ఉత్తరాలు రాసి ఉతికి ఆరేసిన మనిషాయె. గేటు తీసే ఆశన్న మాటలు కావాలట గానీ, ఆయనవి అక్కర్లేదట.

"మీ మాటలు ఇంట్లో నేనే వినను, పాపం వాళ్లేం వింటారు" అంది భార్య కుసుమ.

ఆయన అన్నం మీద అలిగారు. ఇంతలో జనం రావడం మొదలైంది. బిల్డింగు మొత్తంలో శుభ్రమైన ఫోను అదొక్కటే కదా మరి. మూడో అంతస్తు జ్యోత్స్న అత్తగారి మీద చాడీలు చెప్పుకోవడానికి వచ్చేది. ఆశన్న ఊళ్లో పొలం తగాదా మాట్లాడుకునేవాడు. పై గదిలో కిరాయికుంటూ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్‌కు వెళ్లే అంబిక తను ఇష్టపడ్డ తరుణ్‌తో మాట్లాడేది. ఏడుకొండలు గారు పేపరు అడ్డం పెట్టుకుని చెవులు రిక్కించి అన్నీ వినేవారు. ఇల్లు కళకళలాడింది. ఇంత సంతోషం ఆయన ఉద్యోగంలో ఉండగా కూడా ఎరగరు.

ఒక ఉదయం ఆ హెచ్చరిక ఆయనకూ వచ్చింది.

అమ్మయ్య, మనమూ లెక్కలోకొచ్చాం అనుకుని కుసుమకు చూపించబోయి ఆగిపోయారు. అది వచ్చింది తన కోసం కాదు, తన ఫోన్లో మాట్లాడుతున్న వాళ్ల కోసం. ఈ సంగతి చెబితే రేపటి నుంచి ఈ గడప ఎవరు తొక్కుతారు? చెరిపేస్తే సరి, ఎవరికి తెలుస్తుంది?

అంతలో అంబిక వచ్చింది. "అంకుల్, జర ఫోన్ ఇయ్యుండ్రి. తరుణ్ సంగతి ఇయ్యాల అమ్మకు చెప్త."

ఇవ్వబోయిన చెయ్యి వెనక్కొచ్చింది. ఆ పిల్ల గుట్టు ఎవడో వింటుంటే చూస్తూ ఊరుకోవడానికి మనసొప్పలేదు.

"వద్దమ్మా. నాకూ వచ్చింది" అన్నారు. ఆ మాట అంటుంటే ఆయనకు దిగులేసింది.

అంబిక వెళ్లిపోతుందనుకుంటే, కుర్చీ లాక్కుని కూర్చుంది. "రోజు మీరు వింటనే ఉన్నరు గద అంకుల్. తరుణ్ ఎట్లాంటోడు, మీరే చెప్పుండ్రి."

ఆయన సిగ్గుతో చచ్చిపోయారు. "నాకు నీ మాటలే వినపడతాయమ్మా, అతనేమంటాడో తెలీదు. అతను మాట్లాడినంతసేపూ నువ్వు నవ్వుతుంటావు. అంతే తెలుసు."

అంబిక ఆయన చేతిలోని ఫోను తీసుకుని నంబరు నొక్కింది.

"అమ్మకు గదే చెప్పుండ్రి అంకుల్. వినేటోళ్లను విననియ్యుండ్రి" అని ఫోను ఆయన చెవికి ఆనించింది.