ఎమ్ దాకా వచ్చిన కృపావరం

అమీర్‌పేటలో కృపావరం అంతటి చదువరి లేడని కృపావరమే చెప్పుకునేవాడు. చిన్నప్పుడు ఆదివారపు బడిలో కంఠత వాక్యాలు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పి బహుమానాలు కొట్టాడట. అంతే, చదువంటే అదేనని బుర్రలో నాటుకుపోయింది. ఇంగ్లీషు డిక్షనరీని కూడా అలాగే పేజీ తర్వాత పేజీ మింగుతూ రెండేళ్లలో ఎమ్ అక్షరం దాకా పాకాడు. మింగింది అరిగిందా అంటే, అది వేరే సంగతి.

పుస్తకం పట్టుకుని తప్పులు చూసేది అతని భార్య రూతమ్మ. ఇల్లు గడిచేది ఆమె కుట్టుమిషన్ మీదే. అతను బీ దగ్గర గొంతు చించుకుంటుంటే ఆమె వెనక పేజీలు కూడా తిప్పి చూసుకునేది.

"జర ఇటు చూడుండ్రి," అంది ఒకరోజు. "మాటకు ముంగట అన్ అతికిస్తే కాదని అర్థమొస్తది. ఎనక ఏబుల్ కుడితే అయితదని. నడిమి గుడ్డ తెలిస్తే చాలు గద?"

"ఇంగ్లీషంటే నీ జాకెట్ అనుకున్నవా, చేతులు అతికేటందుకు? నోర్మూసుకొని పుస్తకం పట్టు," అన్నాడు పండితుడు.

రూతమ్మకు ఒళ్లు మండింది. అయినా పట్టుకుంది. అతనికి కొలువు దొరికితేనే తన నడుముకు కాస్త తెరిపి.

పంజగుట్టలో కొత్తగా తెరిచిన దవాఖానాలో రిజిస్టర్ రాసేవాళ్లు కావాలన్నారు. కృపావరం బయల్దేరాడు. అక్కడే కుట్టిన దుప్పట్లు ఇచ్చే పని ఉండి రూతమ్మ కూడా వెంట వెళ్లింది. డాక్టరమ్మ బల్ల మీది పెట్టె చూపించింది.

"దీనిమీద అన్‌బ్రేకబుల్ అని ఉంది. అంటే ఏంటండీ?"

కృపావరం చొక్కా సర్దుకున్నాడు. "యూ అక్షరం ఇంకా రాలేదమ్మా. ఎమ్ దాకా ఏదన్న అడుగుండ్రి."

"పోనీ, బ్రేక్ అంటే?"

అతను కళ్లు మూసుకుని ఆ మాటకున్న అర్థాలన్నీ వరసతప్పకుండా ఏకరువు పెట్టాడు. డాక్టరమ్మ మళ్లీ పెట్టె వైపు వేలు చూపి ఎదురుచూసింది. మహానుభావుడు కళ్లు తెరిచి బహుమానం కోసం నిలబడ్డాడు.

రూతమ్మకు సిగ్గుతో తల తీసేసినట్లయింది. దుప్పట్లు కింద పెట్టి, "పగలనిది, అమ్మా," అంది.

డాక్టరమ్మ ఆమె చేత ఇంకో నాలుగు పెట్టెలు చదివించి, ఒక పేజీ రాయించి, కొలువు ఆమెకే ఇచ్చింది.

మర్నాడు పొద్దున కృపావరం ఎప్పట్లాగే చాప మీద కూర్చుని డిక్షనరీ ఆమెకు అందించబోయాడు. "ఇయ్యాల ఎన్. పట్టు."

రూతమ్మ చెప్పులేసుకుంది. "నాకు దవాఖానకు ఆలస్యమైతుంది. గోడకు అప్పజెప్పుండ్రి. అదైతే ఎదురు మాట్లాడదు."