జోయల్ చేసే పని

సముద్రంలో ఉద్యోగం వచ్చిందని భర్త ఫైజల్ చెప్పినప్పుడు సుభాన్‌బీ కుట్టుమిషను ఆపి, "ఎవురిప్పిస్తాండారు?" అనడిగింది.

"జోయల్. బొంబాయి తట్టు నడి సముద్రంలో వాడు పనిజేసే నూనె తోడే రిగ్గులోనే. నెల పని, నెల ఇంట్లో."

"నీకేం పనంట?"

"వెల్డరుకు వెల్డింగు గాక ఏమిస్తారు?"

"అట్లని జోయలన్న చెప్పినాడా?"

"దాన్ని వేరే చెప్పాల్నా?"

ఫైజల్ శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో వెల్డరుగా పనిచేస్తాడు. తెల్లారకముందే నాయుడుపేటలో కంపెనీ బస్సెక్కితే పొద్దుగూకినాకే దిగేది. ఆ బస్సు మీద విరక్తి పుట్టి చాలా కాలమైంది. అందుకే, తనతో బడికి పోయిన జోయల్ రిగ్గు మాట ఎత్తగానే ఎగిరి గంతేశాడు. సుభాన్‌బీకి మాత్రం నమ్మకం కుదరలేదు. కువైట్‌కు డ్రైవరని పోయి గొర్రెలు కాసి వచ్చిన మనిషి వాళ్ళ వీధిలోనే ఉన్నాడు.

మరునాడు, సెలవు మీద ఊళ్ళో ఉన్న జోయల్ వీళ్ళింటికొచ్చాడు. గాలికి ఊగే రిగ్గు గురించీ, తాను పట్టి తిప్పే ఇనుప పైపుల గురించీ చెప్పుకుపోతుంటే ఫైజల్ నోరు తెరుచుకుని విన్నాడు. సుభాన్‌బీ చూపు జోయల్ చేతుల మీదే ఉంది. ఫైజల్ చేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. జోయల్‌వి నానబెట్టిన కాబూలీ శనగల్లా తెల్లగా ఉబ్బి ఉన్నాయి. ఇనుముతో కుస్తీ పట్టేవాడి చేతులా ఇవి?

ఇంతలో వాన దిగింది. ఆమె మిద్దె మీద బట్టలు తెచ్చి మంచం మీద పడేస్తే, జోయల్ మాట్లాడుతూనే ఒక చొక్కా అందుకున్నాడు. దాని చేతులు లోపలికి మడిచి, ఒక్క తట్టు తట్టి పక్కన పెట్టాడు. ఇంకొకటి తీశాడు. ఆమె తన వైపే చూస్తున్నదని గమనించి, మూడోది ఉండలా చుట్టి వదిలేశాడు.

వీడసలు సముద్రం మొహం చూశాడా? మనుషుల్ని రైలెక్కించి, తలకింతని తీసుకునే ఏజెంటేమో. ఆ అనుమానం తలలో పడ్డాక సూదిలో దారం కూడా ఎక్కలేదు. కొంగు బిగించుకుని జోయల్ ఇంటికి పోయింది. అతను బజారుకు పోయి ఉన్నాడు. అతని భార్య గ్రేసీ ఆమె అనుమానం వింటూనే లోపలికి పిలిచి తలుపు దగ్గరికేసింది.

"నాకూ అనుమానమే అక్కా," అంది మెల్లగా. "ఫోన్ జేస్తే ఈడ ఎక్కువ మాట్లాడనీరంటాడు. పనిజేసే తావు సూపించమంటే మాట మారుస్తాడు. నూనె పనికి పోయి వచ్చిన మనిషి బట్టల మింద ఒక్క మరకుండదు. బొంబాయిలో ఇంకో సంసారం పెట్టినాడేమోనని నాకు అన్నం దిగేది లేదు."

ఆదివారం ప్రార్థన అయ్యాక గ్రేసీ మొగుడూ పెళ్ళాలిద్దర్నీ భోజనానికి పిలిచింది. చేతులు కడుక్కున్నాక సుభాన్‌బీ అడిగేసింది. "జోయలన్నా, ఆడ మా ఆయనకేం పని?"

"ముందు ఎక్కనీమ్మా, సూద్దాం."

"నువ్వు జేసే పనేంది?"

"చెప్పినా గదా," అన్నాడు కానీ, గొంతు తగ్గింది.

గ్రేసీ ఆగలేకపోయింది. "నాకు జెప్పు. బొంబాయిలో ఎవురుండారు?"

జోయల్ బిత్తరపోయి ఆమెను చూశాడు. "ఎవురుంటారే? బట్టలుతుకుతాను. రిగ్గులో అందరి బట్టలూ నేనే. కిటికీ లేని గది, నాలుగు మిషన్లు. నూనె మురికి మిషన్లో పోకుంటే చేత్తో రుద్దాల. నేను సముద్రం సూసేది హెలికాప్టర్ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడే."

గ్రేసీ కొంగుతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో సుభాన్‌బీకి అర్థం కాలేదు.

"మరి నాకు?" అన్నాడు ఫైజల్.

"వంటింట్లో. గిన్నెలు కడిగేది. ఎక్కినాక వెల్డింగులోకి మారొచ్చని..."

"అట్ల మారినోడు ఒకడన్నా ఉండాడా?"

"నేను సూళ్ళేదు."

"వెల్డింగు వెల్డింగని నేను ఎగురుతాంటే కాదనేదానికి నోరు రాలేదా నీకు?"

"నీ పని ఇది అంటే నా పని గూడా చెప్పాల గదప్పా. ఆడ తెలుగు మాట్లాడేవాడు ఒక్కడు లేడు. నువ్వుంటే బాగుంటాదనుకున్నా."

ఫైజల్ చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. సుభాన్‌బీ వెనకే నడిచింది. తన అనుమానం నిజమైందన్న సంతోషం ఎంత వెతికినా దొరకలేదు. తెల్లారి అతను ఎప్పటిలా కంపెనీ బస్సెక్కాడు.

సెలవు ముగిసి బయల్దేరే ముందు జోయల్ వీళ్ళ వాకిట్లోకి వచ్చి, లోపలికి రాకుండానే చెప్పాడు. వెల్డర్లను తీసుకునే కంపెనీ వేరే. వాళ్ళు పైపు వెల్డింగు పరీక్ష పెడతారు. అది పాసైనాక, నీళ్ళలో పడితే బతికి బయటపడే ట్రైనింగు చేయాలి. తన రిగ్గులో వెల్డింగు మేస్త్రీ నంబరు ఇచ్చాడు. ఫైజల్ తీసుకున్నాడు కానీ, కూచోమనలేదు.

రాత్రి ఫైజల్ చేస్తే మేస్త్రీకి ఫోన్ కలిసింది. రెండు మాటలయ్యాయో లేదో, సుభాన్‌బీ ఫోన్ లాక్కుని ఉర్దూలో మొదలుపెట్టింది. నువ్వెవరు, ఎన్నేళ్ళుగా ఉన్నావు, జోయల్ ఎవరో తెలుసా, ఏం చేస్తాడు? అవతలి మనిషి ఓపిగ్గా జవాబిచ్చాడు. జోయల్ ఉతికిన బట్టలే తాను తొడుక్కునేదన్నాడు. పరీక్ష ఆదివారం చెన్నైలో, ఆ కంపెనీ ఆఫీసు దగ్గరే ఉంటుందన్నాడు.

"ఆదివారం పోయొస్తా," అన్నాడు ఫైజల్.

"నేనూ వస్తా."

"పరీక్ష నాకా నీకా?"

"నీకే. ఆడ ఆ ఆఫీసు ఉండాదో లేదో నేను సూడాల గదా," అంది సుభాన్‌బీ.