గోటి నేత

పొద్దున్నే అందరికీ అన్నం, మిసో పులుసు పెట్టి, గిన్నెలు కడిగి, చేతులు పొడిగా తుడుచుకున్నాక నా గోళ్ళ పని మొదలవుతుంది. ఆకురాయి తీసుకుని మధ్యవేలి గోరుకీ ఉంగరపువేలి గోరుకీ రంపపు పళ్ళలా గాట్లు పెట్టుకుంటాను. ఆ పళ్ళతోనే పట్టు పేకని దువ్వి, పడుగు మీద కిందికి నొక్కాలి. అదే మా క్యోతో నిషిజిన్ పేట గోటి నేత. అలా నేసి, కిమోనో మీద కట్టుకునే నడికట్టుని పెళ్ళివారు కళ్ళకద్దుకుంటారు. నా గోరు విరిగితే ఇంటిల్లిపాదికీ ఊపిరాగిపోతుంది. నాకు జ్వరమొస్తే మాత్రం మగ్గం దగ్గర కూర్చో, అదే తగ్గుతుంది అంటారు.

నేను తాంగో సముద్రపు ఒడ్డునుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో అత్తయ్య, "మీ ఊరివాళ్ళు ఎంత ఆరోగ్యంగా ఉంటారమ్మా మిసావో! నీ గొంతు మూడో ఇంటిదాకా వినిపిస్తోంది," అంది. పొగడ్త అనుకుని సిగ్గుపడ్డాను. క్యోతోలో పొగిడారంటే తిట్టారని అర్థం చేసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. ఆ రోజే ఇంకో మాట కూడా చెప్పింది. "ఈ ఇంట్లో రాత్రిపూట గోళ్ళు తీసుకోకూడదు. అలా తీసుకున్నవాళ్ళు కన్నవాళ్ళు పోయేటప్పుడు దగ్గర ఉండలేరు." నాన్న నా చిన్నప్పుడే సముద్రంలో పోయాడు. నాకున్నది అమ్మొక్కతే. అత్తయ్య పెట్టిన ఆంక్షలన్నిట్లో ఇదొక్కటే నా మేలుకోరి పెట్టినట్టు అనిపించింది. ఒక్కరోజు కూడా తప్పలేదు.

నా కూతురు చినామి పుట్టినప్పుడు అత్తయ్య, "ఆ రంపాలతో పిల్ల మొహం ముట్టుకోకమ్మా," అని బిడ్డని లాక్కునేది. పాలిచ్చాను గానీ వేళ్ళతో బుగ్గ నిమరలేదు. ఎవరూ చూడనప్పుడు చేతి వెనకవైపుతో నిమిరేదాన్ని.

ఏటా పెద్ద దుకాణంలో ప్రదర్శన పెడతారు. మా ఆయన తోకుజి కిమోనో మీద పట్టు హావోరి కోటు వేసుకుని ముందు నిలబడి, "మా వంశంలో నాలుగు తరాలుగా ఈ విద్య..." అని మొదలుపెడతాడు. ఆయన వేళ్ళు తోఫు ముక్కల్లా మెత్తగా ఉంటాయి. నేను వెనక కూర్చుని నేస్తుంటాను. జనం నా చేతుల్ని ఫొటో తీసుకుంటారు, మొహం పడకుండా. నడికట్టు చివర నేతలో ఉండేది ఆయన ఇంటిపేరు. ఒకసారి ఒకావిడ, "ఈవిడ మీ దగ్గర పనిచేస్తారా?" అనడిగింది. "ఆఁ, చాలాకాలంగా," అన్నాడు ఆయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పనిమనిషినైతే జీతమైనా వచ్చేది కదా అని తరవాత అనిపించింది.

అమ్మకి బాగాలేదని అన్నయ్య ఫోన్ చేసినప్పుడు మగ్గం మీద ఒక పెళ్ళి నడికట్టు ఉంది. "పెళ్ళికూతురు ఆగదు కదమ్మా. మీ అమ్మది పాత జబ్బేగా. అది దించి వెళ్ళు," అంది అత్తయ్య. మా ఆయన ఏమీ అనలేదు. ఆయన ఎప్పుడూ ఏమీ అనడు, అందుకే ఊళ్ళో మంచివాడని పేరు. దించి వెళ్ళేసరికి అమ్మ మొహం మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. గుడ్డ తీసి బుగ్గ నిమిరాను. గీసుకుంటుందని భయపడక్కర్లేదు. అయినా చేతి వెనకవైపుతోనే నిమిరాను. తిరిగొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే అత్తయ్య అంది, "ఎప్పుడో రాత్రిపూట గోళ్ళు తీసుకుని ఉంటావు."

ఆ మాటని ఇన్నేళ్ళూ మింగాను. ఇవాళ సాయంత్రం దాకా.

చినామికి ఒసాకాలో నర్సు చదువుకి సీటొచ్చింది. ఏప్రిల్లో చేరాలి. చలికాలం కదా, భోజనానికి కూర్చునేసరికే బయట చీకటి పడింది. అత్తయ్య చిన్న పొట్లం తెచ్చి చినామి ముందు పెట్టింది. విప్పితే కొత్త ఆకురాయి.

"నీ గోళ్ళు మీ అమ్మవాటికన్నా గట్టివే. ఇంటి విద్య ఇంట్లో ఉండాలి."

"నాన్నమ్మా, నర్సులు గోళ్ళు పెంచుకోకూడదు."

"అదేనే నేననేది. పరాయివాళ్ళ మలమూత్రాలు ఎత్తే చేతులా ఇవి?"

మా ఆయన గిన్నెలోంచి తలెత్తకుండా, "ఒక్క ఏడాది ఆగమ్మా. అమ్మకి చూపు ఆనడం లేదు. పక్కన కూర్చుని నేర్చుకో. అమ్మ కోసమే కదా," అన్నాడు.

అమ్మ కోసం! నాకోసమని ఈ ఇంట్లో ఎవరైనా నోరు తెరిచి అడగడం ఇదే మొదలు. అడిగింది నా కూతురి చేతుల్ని.

చినామి నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. సరేననే ముందు నేనూ అలాగే చూసేదాన్ని. దాని చెయ్యి ఆకురాయి వైపు కదిలింది. నేర్పేదెవరు? నాకు నేర్పిన అత్తయ్య వేళ్ళు ఎప్పుడో కీళ్ళనొప్పులకి కొంకర్లు పోయాయి. ఆయనకి ఆకురాయి పట్టుకోవడమే రాదు. ఈ ఇంట్లో మిగిలిన విద్యంతా నా గోళ్ళలోనే ఉంది.

లేచి సొరుగులోంచి గోళ్ళ కత్తెర తెచ్చాను. పాత పేపరు పరుచుకుని కూర్చున్నాను. మధ్యవేలి గోరు మొదలంటా తీసేశాను. గాట్లున్న ముక్క పేపరు మీద పడింది. ఉంగరపువేలిదీ తీసేశాను.

"ఏం చేస్తున్నావ్!" మా ఆయన చేతిలో గిన్నె ఒలికింది. "వచ్చేనెల ప్రదర్శన! మగ్గం మీద సగం నేత ఉంది, ఎవరు నేస్తారనుకున్నావ్?"

"నాలుగు తరాల విద్య కదండీ. మీరు నేయండి."

చినామి కొత్త ఆకురాయిని మళ్ళీ పొట్లంలో చుట్టేసింది. అత్తయ్య మొహం పాలిపోయింది. నేత మాటా ఎత్తలేదు, ప్రదర్శన మాటా ఎత్తలేదు. కిటికీ బయటి చీకటినీ నా చేతినీ మార్చి మార్చి చూసింది.

"రాత్రిపూట గోళ్ళు తీస్తావా మిసావో? పెద్దవాళ్ళ చావు దగ్గర ఉండలేవని చెప్పానా లేదా?"

"మా అమ్మది అయిపోయింది కదత్తయ్యా," అన్నాను, రెండో చెయ్యి పేపరు మీద పెట్టుకుంటూ. "ఇక మిగిలింది మీదే."