కూసుండి చేసే పని

“నువ్వు ఆరామ్ తీసుకో బిడ్డా. గీ చింతపండు గింజ తీసుకుంట కూసో” అంటూ నర్సింగమ్మ గంపెడు చింతపండు తెచ్చి కోడలు కరుణ ముందు పెట్టింది. పెట్టి, ఆ పిల్ల వీపు ప్రేమగా నిమిరి, తిరుమలగిరి అంగడికి పోయే ఆటో ఎక్కింది.

ఆ ఇంట్లో ఆరామ్ అంటే అదన్నమాట. కరుణ పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చాలి, గొర్ల దొడ్డిలో పెంట ఎత్తాలి, కట్టెల పొయ్యి ముందు కూర్చుని నలుగురికి రొట్టెలు కొట్టాలి. గ్యాస్ పొయ్యి ఉంది గానీ దాని మీద కాల్చిన రొట్టె గాలయ్య మామ నోటికి ఎక్కదు. పొగకు, దుమ్ముకు దూరంగా ఉండమని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. కానీ ఇవన్నీ ఇంటిపట్టున ఉండి చేసేవి కదా, పని కిందికి ఎట్లా వస్తాయి?

కరుణ దగ్గుకు రెండుసార్లు, ఆరేసి నెలలు, టీబీ గోలీలు మింగించారు. దగ్గు తగ్గలేదు. పెళ్లయిన మూడో ఏడు మొగుడు పరమేష్ ఆమెను హైదరాబాదు తీసుకుపోయాడు. అక్కడ చేతి మీద చెమట పట్టించి, పరీక్ష చేసి, సిస్టిక్ ఫైబ్రోసిస్ అన్నారు. ఆ పేరు ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. పుట్టుకతో వచ్చిందట, ఛాతీలో కళ్లె బంకలా పట్టుకుని ఉంటుందట, రోజూ దాన్ని బయటికి తెప్పించాలట. తిండితో పాటు గోలీలు, రెండు పూటలా మందు ఆవిరి పట్టే మిషన్. “ఇవొక ఎత్తు, నడవడం ఒక ఎత్తు. గుట్ట ఉంటే ఎక్కు, వీలైతే ఉరుకు, రొప్పు రావాలి. అది కూడా మందే” అంది డాక్టరమ్మ.

పరమేష్ పక్కనే ఉండి విన్నాడు. తిరుగు బస్సులో ఆమె తలను భుజానికి ఆనించుకుని, “ఇగ నువ్వు గడప దాటకు కరుణా. అన్ని నేను చూసుకుంట” అన్నాడు. కళ్లలో నీళ్లు కూడా పెట్టుకున్నాడు. అంత ప్రేమగా చెప్పినవాడి మీద కోపం ఎట్లా తెచ్చుకోవాలో కరుణకు తెలియలేదు. తెచ్చుకుని ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

పోయిన నెల దవాఖానలో గొట్టం ఊదిస్తే, అరవై రెండున్న ఊపిరి లెక్క యాభై నాలుగుకు దిగింది. ఇంకా దిగితే మంచం పట్టాల్సిందే అన్నారు. మళ్లీ ఊదడానికి ఇక నెల రోజులే ఉన్నాయి.

మామ తోలే గొర్ల మంద వెంట తానూ పోతానని అడగనే అడిగింది. “మన ఇంట్ల కోడండ్లు గొర్ల ఎంబడి పోరు బిడ్డా. మొగోళ్లుండంగ రోగమున్నదాన్ని గుట్టకు తోలిండ్రని ఊరు మొకాన ఉమ్మదా” అంది అత్త. “నడవాల్నంటే ఇంట్లనే అటిటు తిరుగు” అన్నాడు మొగుడు. తిరిగింది. పొయ్యి నుంచి నల్లా దాకా పద్దెనిమిది అడుగులు.

ఈ రోజు ఆటో మలుపు తిరగగానే కరుణ గంపను మంచం కిందికి తోసేసింది. మామ సద్దిమూట మరిచిపోయాడు, ఇచ్చి వద్దామని చెంగు దోపుకుంది. మరిచిపోయాడన్నది వట్టి మాట. పొద్దున దాన్ని దాచిపెట్టింది ఆమే.

గుట్ట సగం ఎక్కేసరికి ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. నాలుగు చోట్ల ఆగింది, ఉప్పు కలిపిన మజ్జిగ తాగింది, మళ్లీ ఎక్కింది. పైనుంచి చూస్తే నందికొండ వైపు కృష్ణ నీళ్లు మెరుస్తున్నాయి. గొర్లు చుట్టూ మూగి ఆమె చేతులు నాకడం మొదలుపెట్టాయి. అందరికన్నా ఆమె చెమటలోనే ఉప్పు ఎక్కువని, ఆ జబ్బు గుణమే అదని డాక్టర్లు అంత పెద్ద మిషన్లు పెట్టి కనుక్కున్నారు. గొర్లకు అది ఎప్పటినుంచో తెలుసు.

“నువ్వెందుకొచ్చినవ్ బిడ్డా, కూసో కూసో” అని గాలయ్య కంగారుపడుతుండగానే మందలో పాతిక గొర్లు కాటమయ్య పత్తిచేను వైపు దిగాయి. ఆయన లేవబోతే మోకాలు పట్టేసింది. కరుణ కర్ర అందుకుని ఉరికింది. నోటికొచ్చిన కేకలన్నీ వేసింది. పెళ్లయ్యాక అంత గట్టిగా అరవడం అదే మొదలు. చేను గట్టు మీద ముందరి గొర్రెకు అడ్డం తిరిగి, మొత్తం గుంపును వెనక్కి మళ్లించింది.

తర్వాత దగ్గు వచ్చింది. మోకాళ్లు పట్టుకుని వంగిపోయింది. ఆకుపచ్చటి కళ్లె ముద్దలు ముద్దలుగా పడింది. గాలయ్య కుంటుకుంటూ వచ్చి నీళ్ల సీసా పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి దగ్గు తెరిపిచ్చింది. కరుణ గాలి పీల్చింది. అది పక్కల దాకా, అడుగుదాకా పోయింది. తన ఛాతీలో అంత జాగా ఉందని ఆమె మరిచేపోయింది. సంతోషం పట్టలేక నవ్వింది.

ముసలాయన దగ్గే గొర్రెను విన్నట్టే తల పక్కకు వంచి విన్నాడు. “కూత బంద్ అయింది బిడ్డా” అన్నాడు. కాసేపాగి, “కడుపుబ్బిన గొర్రెను మేం పండనియ్యం, నడిపిస్తం. నీ తాన గా తెలివి ఎటువాయెనో నాకు” అని సిగ్గుపడ్డాడు. అంతలోనే గొంతు తగ్గించి, “మీ అత్తకు మాత్రం చెప్పకు” అన్నాడు.

పాపం, ఆయన ధైర్యం గుట్ట దిగేదాకే. ఇంట్లో చెప్పేది తానే చెప్పుకోవాలని కరుణకు అర్థమైంది.

పొద్దుగూకాక అందరూ తినడానికి కూర్చున్నప్పుడు చెప్పింది. “రేపటి సంది మంద ఎంబడి నేను పోత.”

పరమేష్ చేతిలో రొట్టె ముక్క అట్లాగే ఆగిపోయింది. “నీకేమన్న అయితే నేనేం గావాలె కరుణా?”

“కావద్దనే పోతున్న. వచ్చే నెల గా గొట్టం ఊదాల్సింది నేను. నా బదులు నువ్వు ఊదుతవా?”

అతను “మరి ఇంట్ల వంట?” అన్నాడు.

ఆ మాట అన్నాక అతనికే వినబడింది. తల వంచుకున్నాడు. గాలయ్య తన పళ్లెంలోకి చూసుకున్నాడు. వడ్డిస్తున్న నర్సింగమ్మ గిన్నె కింద పెట్టి కోడలి పక్కన కూలబడింది.

“పోనియ్ రా దాన్ని” అంది కొడుకుతో. “మా అవ్వగారింట్ల నేను గుట్టలన్ని ఉరికినదాన్నే. నాకు ఏ రోగం లేకున్నా, ఈ ఇంటికొచ్చినంక నన్ను నలభై ఏండ్లు కూసోవెట్టిండ్రు.”